వాలీబాల్ వల కుట్టిన రోజులు

మా బడికి కౌన్సిలర్ ఒకరు వస్తున్నారని పెద్దమేడమ్ స్టాఫ్‌రూములో చెప్పిన రోజున, నా పక్కన కూర్చున్న డ్రిల్లు మాస్టారు నా వైపు వంగి, "ఏ వార్డు కౌన్సిలర్ బావా?" అని అడిగాడు. వేళాకోళానికి అడగలేదు. మాకు తెలిసిన కౌన్సిలర్లు ఎన్నికల్లో గెలిచి పూలదండలు వేయించుకునేవాళ్ళు. మాకు తెలిసిన కౌన్సిలింగ్ ఎంసెట్ ర్యాంకు వచ్చిన పిల్లలకు సీట్లు ఇచ్చేది. ఇంకో రకం కౌన్సిలింగ్ పోలీస్ స్టేషన్లో జరిగేదని పేపర్లో చదివేవాళ్ళం. బళ్ళో పిల్లల పక్కన కూర్చుని వాళ్ళు చెప్పేది వినడానికి ఒక మనిషిని పెడతారని, అదీ ఒక ఉద్యోగమేనని, అప్పటికి పన్నెండేళ్ళుగా లెక్కలు చెబుతున్న నాకు తెలియదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. విశాఖపట్నంలో వన్‌టౌన్ దాటి చేపల రేవు వైపు వెళ్ళే రోడ్డు మీద ఉండేది మా మున్సిపల్ హైస్కూలు. సగం మంది పిల్లలు సముద్రం మీద వేటకు వెళ్ళే ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళు. మిగిలినవాళ్ళలో వన్‌టౌన్ ముస్లిముల పిల్లలు, వాళ్ళ నాన్నలు దర్జీలు, రేకు పెట్టెలు చేసేవాళ్ళు, చిన్న చిన్న దుకాణాలవాళ్ళు. పోర్టు కూలీల పిల్లలు కొందరు. నేను కూర్మన్నపాలెం నుంచి రోజూ బస్సులో వచ్చేవాణ్ణి. బడిలో నాకు మంచి పేరే ఉండేది. నా క్లాసులో సూది పడినా వినిపించేదని పెద్దమేడమ్ అందరితో చెప్పేవారు. ఆ నిశ్శబ్దం పిల్లలకు లెక్కల మీద ఉన్న శ్రద్ధ వల్లనుకునేవాణ్ణి. బల్ల మీద పెట్టుకున్న వెదురు బెత్తం వల్లనని అప్పట్లో ఎవరైనా అంటే ఒప్పుకునేవాణ్ణి కాదు.

కౌన్సిలర్ మేడమ్ ఒక మంగళవారం నాడు వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి. నేత చీర, భుజానికి గుడ్డసంచీ, చేతిలో నల్ల గొడుగు. ఏదో స్వచ్ఛంద సంస్థవాళ్ళు ఏడాదికి ఒప్పందం మీద పంపించారు. వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం. ఆమెకు ఇవ్వడానికి బడిలో గది లేదు. చివరికి ఆటసామాను పెట్టే స్టోర్‌రూము తాళం తీయించారు. డ్రిల్లు మాస్టారికి అది నచ్చలేదు.

"మరి నా బంతులూ అవీ ఎక్కడెట్టుకోవాలండి?" అన్నాడు.

"ఎక్కడివి అక్కడే ఉండనివ్వండి. రెండు కుర్చీలు పట్టే చోటుంటే నాకు చాలు," అన్నారామె.

గాలిపోయిన బంతులు, విరిగిన హర్డిల్ చట్రాలు, చిరిగిన వాలీబాల్ నెట్టు, సున్నపు డబ్బాలు, వాటి మధ్య రెండు కుర్చీలు. అదే ఆమె ఆఫీసు.

మొదటి నెలంతా మేం ఆమెను వాడుకున్న తీరు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అల్లరి చేసినవాణ్ణి, కాపీ కొట్టినవాణ్ణి, బీడీ వాసన వచ్చినవాణ్ణి శిక్ష వేసినట్టు స్టోర్‌రూముకు పంపేవాళ్ళం. "నోరు మూస్తావా, కౌన్సిలర్ దగ్గరికి పంపమంటావా?" అని నేను కూడా క్లాసులో బెదిరించాను. ఆమె ఎవరినీ తిప్పి పంపలేదు. వెళ్ళిన పిల్లలు అరగంట తర్వాత తిరిగి వచ్చి మామూలుగా కూర్చునేవాళ్ళు. ఏమందిరా అని అడిగితే, "ఏటీ అన్లేదండి. మీ ఇంట్లో ఎవులెవులుంతారని అడిగారండి," అనేవాళ్ళు. ఈ మాత్రానికి జీతం దేనికో నాకు అర్థం కాలేదు.

అప్పుడు నా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. వేట ఇంటి పిల్ల. రోల్ నంబరు ఇరవై మూడు. రేఖాగణితంలో ఆ పిల్లకు సాటి వచ్చేవాళ్ళు లేరు. బోర్డు మీద బొమ్మ గీయడం పూర్తికాక ముందే జవాబు చెప్పేసేది. ఆ ఏడాది వానల రోజుల్లో ఆమె తండ్రి వెళ్ళిన బోటు తిరిగి రాలేదు. అందులో ఐదుగురున్నారు. ముగ్గురిని వేరే బోటువాళ్ళు నీళ్ళలోంచి తీసుకొచ్చారు. దొరకని ఇద్దరిలో ఆమె తండ్రి ఒకడు. ఒడ్డుకు ఏమీ కొట్టుకు రాలేదు.

మూడు వారాల తర్వాత పిల్ల బడికి వచ్చింది. మేమంతా తలా ఒక ఓదార్పు మాట చెప్పాం. ఆమె తల దించుకుని విని వెళ్ళి కూర్చుంది. అంతే, ఆ తర్వాత బడిలో ఆమె నోటి నుంచి మాట రాలేదు. నోట్సు రాసుకునేది. లెక్కలు చేసేది, తప్పులు కూడా ఉండేవి కావు. పిలిస్తే మాత్రం పలికేది కాదు. హాజరు పిలిచేటప్పుడు "ఇరవై మూడు" అంటే కళ్ళెత్తి చూసేది, పెదవులు కదిలేవి కావు. పక్కనున్న పిల్ల, "వచ్చిందండి," అనేది.

నెల రోజులు ఊరుకున్నాను. తర్వాత నాకు ఓపిక పోయింది. ఆ వీధిలో తండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లలు ఇంకా ఉన్నారు, వాళ్ళు మాట్లాడడం లేదా అనుకున్నాను. గారం చేస్తే ఇలాగే ఉండిపోతుందనుకున్నాను. ఒక సోమవారం క్లాసులో చెప్పాను: "నోరు తెరిచి పలికితేనే హాజరు. లేకపోతే రానట్టే." పక్క పిల్లను చెప్పొద్దన్నాను. ఇరవై మూడు అన్నాను. జవాబు లేదు. ఆ గడిలో 'ఎ' అని రాశాను. మర్నాడూ రాశాను. అలా పదకొండు రోజులు, కళ్ళెదురుగా కూర్చున్న పిల్లను నేను రాలేదని రాశాను.

ఇది కనిపెట్టింది కౌన్సిలర్ మేడమే. తరచుగా బడి మానే పిల్లలెవరో చూడాలని పెద్దమేడమ్ దగ్గర రిజిస్టర్లు అడిగి తీసుకున్నారట. ఒక శుక్రవారం మధ్యాహ్నం నా రిజిస్టరు పట్టుకుని స్టాఫ్‌రూముకు వచ్చారు.

"మాస్టారూ, ఈ ఇరవై మూడో నంబరు అమ్మాయి మంగళవారం రాలేదాండీ?"

"వచ్చింది."

"నేనూ చూశాననుకున్నాను. ఇక్కడ రాలేదని ఉంది."

నేను నా పద్ధతి వివరించాను. పిల్లలు మొండికేస్తే వదలకూడదనీ, నాలుగు రోజులు గట్టిగా ఉంటే దారికొస్తుందనీ చెప్పాను. ఆమె నిలబడి మొత్తం విన్నారు. తప్పనలేదు, తలాడించలేదు. నేను చెప్పడం అయిపోయాక కూడా ఇంకా ఏదో చెబుతానేమో అన్నట్టు నా వైపే చూస్తూ ఉన్నారు. ఆ చూపులో కోపం ఉంటే నేను వాదించి ఉండేవాణ్ణి. లేదు. అలా కొంతసేపు గడిచేసరికి, నా నోటి నుంచే, నేను అనుకోకుండా, "అలా రాయడం తప్పేనేమో," అన్న మాట వచ్చింది.

"ఒక సాయం చేస్తారా?" అన్నారామె అప్పుడు. "కొన్నాళ్ళు ఆ నంబరు పిలవకండి. అమ్మాయి వంక ఒకసారి చూసి హాజరు వేసేయండి. ఉన్నట్టు మీకు తెలుసని ఆ పిల్లకి తెలిస్తే చాలు."

సరేనన్నాను. ఆ తర్వాతి మంగళవారం నుంచి ఆ అమ్మాయి ఆఖరి పీరియడ్‌లో, మేడమ్ ఉన్న రోజుల్లో, స్టోర్‌రూముకు వెళ్ళడం మొదలుపెట్టింది.

నా తరగతి కిటికీలోంచి స్టోర్‌రూము వరండా కనిపించేది. అక్కడ ఏదో జరుగుతుందని, పిల్ల ఏడుస్తుందని, ఆమె ఓదారుస్తుందని ఎదురుచూశాను. ఏమీ జరగలేదు. ఆ చిరిగిన వాలీబాల్ నెట్టును ఇద్దరూ బయటికి తీసుకొచ్చారు. ఒక కొసను వరండా స్తంభానికి కట్టారు. పిల్ల ఇంటి నుంచి వెదురు సూదీ, నైలాన్ దారపు ఉండా తెచ్చుకుంది. వాళ్ళ ఇళ్ళలో వలలు బాగుచేసేది వాటితోనే. పిల్ల ఒక వైపు కుడుతుంటే, మేడమ్ రెండో వైపు తెగిన పోగులు విప్పుతూ కూర్చునేవారు. ఒక వారం గడిచింది. రెండు వారాలు గడిచాయి.

"ఏమైనా మాట్లాడిందాండీ?" అని అడిగాను ఒకరోజు.

"లేదండి."

"మీరు అడిగారా?"

"లేదండి."

"మరి ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?"

"వల కుడుతున్నామండి," అన్నారామె, అందులో వింతేమీ లేనట్టు.

డ్రిల్లు మాస్టారు మాత్రం సంతోషించాడు. "మూడేళ్ళ బట్టీ నెట్టు కొనమని రాత్తన్నాను బావా, ఎవులూ ఇన్లేదు. ఈవిడ ఉద్యోగమేటో గానీ నా పని జరిగిపోతంది," అన్నాడు.

నాలుగో వారం శుక్రవారం నాడు, మేడమ్ చూస్తానన్న యూనిట్ టెస్టు పేపర్లు ఇవ్వడానికి నేను స్టోర్‌రూము వైపు వెళ్ళాను. వరండా మెట్టు దగ్గర నా చెప్పు పట్టీ ఊడితే వంగి సరిచేసుకుంటున్నాను. వాళ్ళిద్దరూ నన్ను చూడలేదు. ఆ వేళ మేడమ్ కూడా సూది పట్టుకుని ముడి వేయడానికి ప్రయత్నిస్తున్నారు. చాలా అధ్వాన్నంగా వేస్తున్నారు. పిల్ల తన పని ఆపి ఆ చేతుల వంక చూస్తోంది. ఒక ముడి జారింది. ఇంకొకటి వేశారు, అదీ జారింది. మూడోది వేస్తుండగా వినిపించింది.

"అలగ కాదండి."

చాలా రోజులుగా నీళ్ళు తాగని గొంతులా, బొంగురుగా ఉంది. నేను వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. నేనే అక్కడ ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు బాగా తెలుసు. "మాట్లాడావే" అని అరిచేవాణ్ణి. భుజం తట్టేవాణ్ణి. పెద్దమేడమ్‌ని పిలుచుకొచ్చేవాణ్ణి. ఆమె ఇవేవీ చేయలేదు. తల కూడా ఎత్తలేదు. సూదిని పిల్ల చేతికిచ్చి, "మరెలాగ?" అన్నారు. నిన్నా మొన్నా కూడా ఇలాగే మాట్లాడుకున్నట్టు అన్నారు.

"ఈ ఏలు కింద నుంచి తియ్యాలండి. లేపోతే ముడి జారిపోద్ది. సేప గుంజితే మొత్తం ఇప్పుకొచ్చీద్ది," అంది పిల్ల.

"వాలీబాల్‌కి చేప రాదు కదా," అన్నారు మేడమ్.

పిల్ల నవ్వలేదు. కానీ ఆ మాటకు జవాబు చెప్పింది. "బంతి వొత్తాది కదండి."

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఉక్కు కర్మాగారంలో పనిచేసే మా నాన్న ఒకసారి నన్ను లోపలికి తీసుకెళ్ళి, కొలిమి నోరు తెరిచి కరిగిన ఇనుము కాలవలోకి వదలడం చూపించాడు. అంత దూరాన నిలబడినా ముఖం కాలిపోయింది. పోర్టులో కొండంత ఓడలు మలుపు తిరగడం రోజూ బస్సులోంచి చూసేవాణ్ణి. పెద్దవాటిని చూసి నోరు తెరవడం నాకు అలవాటే. కానీ ఆ శుక్రవారం స్టోర్‌రూము వరండాలో కలిగినటువంటి ఆశ్చర్యం నాకు అంతకుముందెప్పుడూ కలగలేదు. ఇద్దరు మనుషులు, ఒక చిరిగిన నెట్టు, నాలుగు మాటలు. ఆ నాలుగు మాటల కోసం ఆమె నాలుగు వారాలు ఏమీ అడగకుండా కూర్చున్నారు.

బెల్లు కొట్టాక పిల్ల పుస్తకాల సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. నేను పేపర్లతో లోపలికి వెళ్ళాను. మేడమ్ గ్లాసులో నీళ్ళు పోసుకుంటున్నారు. సగం నీళ్ళు కింద పడ్డాయి.

"విన్నారా?" అన్నారు.

"విన్నానండి. మీరు అసలు కదల్లేదు."

"కదిలితే మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుందేమోనని భయమేసింది," అన్నారు. నీళ్ళు తాగి కుర్చీలో కాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నేను పేపర్లు అక్కడ పెట్టి వచ్చేశాను.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. వరండాలో తలలు దగ్గరగా పెట్టుకుని కనిపించేవాళ్ళు. అడిగితే మేడమ్, "అది ఆ అమ్మాయిదండి, నాది కాదు చెప్పడానికి," అనేవారు. స్టాఫ్‌రూములో ఎవరింటి సంగతైనా పది నిమిషాల్లో అందరికీ తెలిసిపోయే మాకు అది కొత్త. మొదట్లో కొంచెం కోపం వచ్చింది కూడా.

నెల తర్వాత మేడమ్ నన్ను పిలిచి, "ఆదివారం మధ్యాహ్నం ఆ అమ్మాయి వాళ్ళింటికి వెళ్తున్నాను. వాళ్ళమ్మతో ఒక మాట చెప్పుకోవాలట, నన్ను పక్కన ఉండమంది. బడి నుంచి ఇంకొకరుంటే మంచిది. మీరు రావచ్చా అని అమ్మాయిని అడిగాను. కొంచెం ఆలోచించి, రమ్మనండి అంది," అన్నారు. పదకొండు రోజులు రాలేదని రాసినవాణ్ణి రమ్మనడానికి ఆ పిల్ల ఏం ఆలోచించిందో నేను అడగలేకపోయాను.

రేవు వెనక సందులో ఒకటే గది ఇల్లు. గుమ్మం ముందు ఎండలో నెత్తళ్ళ చేపలు ఆరబోసి ఉన్నాయి. తల్లి పొద్దున్న చేపల గంప అమ్ముకొచ్చి స్నానం చేసినట్టుంది, తడి జుట్టు ముడేసుకుని ఉంది. నుదుట బొట్టు, చేతుల నిండా గాజులు. గోడ మీద భర్త ఫొటో ఉంది, దండ లేదు. ఆ దండ గురించే ఇంట్లో పేచీ నడుస్తోందని వెళ్ళిన కాసేపటికే అర్థమైంది. మూలన మంచం మీద పిల్ల నాయనమ్మ కూర్చుని ఉంది. కులపెద్దలు కర్మ చేయించమంటున్నారట. కోడలు ఒప్పుకోవడం లేదట.

"ఒడ్డుకి ఏటీ రాలేదు కదండి. ఒచ్చేక సూద్దారి," అంది తల్లి మాతో. ఆ ఇంట్లో అతని గురించి ఎవరూ 'ఉండేవాడు' అని అనడానికి వీల్లేదు. 'ఉన్నాడు' అనే అనాలి. అసలు అతని మాటే ఎత్తకపోతే ఇంకా మంచిది.

మేడమ్ మా రాక గురించి ఏమీ ఉపన్యాసం ఇవ్వలేదు. చాప మీద కూర్చుని, నెత్తళ్ళు ఎన్నాళ్ళు ఎండాలో అడిగారు. నేను తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్నాను. కొంతసేపటికి ఆ మాటలు కూడా ఆగిపోయాయి. పిల్ల మేడమ్ పక్కనే చాప అంచు గిల్లుతూ కూర్చుంది. ఎవరూ తొందరపెట్టలేదు. నాకు మాత్రం ఏదో ఒక మాట అందించాలనిపించి నాలుక దురద పెట్టింది. పళ్ళు బిగించుకున్నాను.

"అమ్మా," అంది పిల్ల చివరికి. "ఆయాల అయ్య పిలిసాడు."

తల్లి తల తిప్పింది.

"గుమ్మంలో నిలబడి, ఎల్లొత్తానే అని పిలిసాడమ్మా. నాను మెలకుండే ఉన్నాను. అరకు పంపనన్నాడని కోపమొచ్చి పలకలేదు. మల్లీ పిలిసాడు. గోడేపు తిరిగి తొంగున్నాను. మూడోపాలి కూడా పిలిసాడు."

బడివాళ్ళం ఆ ఏడాది పిల్లల్ని రెండు రోజులు అరకు విహారయాత్రకు తీసుకెళ్ళాం. ఆడపిల్లవి, అంత దూరం వద్దని తండ్రి అన్నాడట. ఆ పంతం మీద పిల్ల పలకలేదు. అది జరిగిన తర్వాత ఎవరు పిలిచినా పలకలేకపోయింది. నేను రోజూ రిజిస్టరు తెరిచి చేసింది కూడా అదే, ఆమెను పిలవడం.

మేడమ్ పిల్ల వంక చూడలేదు, తల్లి వంక చూస్తున్నారు. తల్లి లేచి వచ్చి పిల్ల ఎదురుగా కూర్చుంది.

"నువ్వు మెలకుండే ఉన్నావని మీ అయ్యకి తెలుసే," అంది. "నీ కాలేళ్ళు కదుల్తన్నాయంట. ఈదిలోకొచ్చి నాకు సెప్పి నవ్వేడు. మన గుంటకి కోపమొచ్చీసింది, తిరిగొచ్చేక ఆ అరకేటో పంపిచ్చీద్దారి అనీసి ఎల్లేడు. నవ్వుకుంటానే ఎల్లేడే."

'వెళ్ళాడు' అన్న మాట ఆమె నోట అంత మామూలుగా రావడం ఆ ఇంట్లో అదే మొదటిసారి కాబోలు, మూలన ముసలావిడ కొంగుతో నోరు మూసుకుంది. పిల్ల తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. తల్లి కూడా ఏడ్చింది. మేడమ్ లేచి నాకు సైగ చేశారు. ఇద్దరం చప్పుడు చేయకుండా బయటికి వచ్చేశాం.

మెయిన్‌రోడ్డు మీదికి వచ్చాక అడిగాను. "ఆ తండ్రి నిజంగా అలా నవ్వి వెళ్ళాడంటారా? లేక పిల్ల కోసం ఆవిడ అప్పటికప్పుడు కల్పించి చెప్పిందా?"

"నాకు తెలీదండి," అన్నారు మేడమ్.

"అడిగి తెలుసుకోరా?"

"అడగను." కొంచెం దూరం నడిచాక మళ్ళీ అన్నారు. "ఆవిడ అలా చెబుతుందని నేను అనుకోలేదు మాస్టారూ. పిల్ల చెప్పేది విని తట్టుకోగలదా అనే నా భయమంతా. ఈ ఉద్యోగంలో నేను చేసేదాని కంటే చూసేది ఎక్కువ."

ఆ మాట ఆమె వినయానికి అన్నారని అప్పుడనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఆ ఆదివారం ఆమె కళ్ళలో కూడా, నా కళ్ళలో ఉన్నటువంటి ఆశ్చర్యమే ఉంది.

తర్వాత వారంలో ఒక రోజు హాజరు వేస్తూ ఇరవై రెండు పిలిచి, అలవాటు ప్రకారం ఆ పిల్ల వంక చూసి కలం కదపబోయాను. "ప్రెజెంట్ సార్," అంది. నేను పిలవకుండానే. క్లాసులో తలలన్నీ అటు తిరిగాయి. నేను ఇరవై నాలుగు పిలిచాను. మిగతా నంబర్లు ఎలా పిలిచానో, ఆ పూట ఏ పాఠం చెప్పానో గుర్తులేదు.

ఆ సాయంత్రం పాత పేజీలు తిప్పి, పదకొండు గడుల్లో నేను రాసిన 'ఎ' లన్నీ కొట్టేసి హాజరు వేశాను. దిద్దుబాట్లకు పెద్దమేడమ్ సంతకం కావాలి. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని పేజీ అంతా చూసి, "ఇన్ని ఎందుకు దిద్దారు?" అన్నారు. "తప్పు వేశానండి," అన్నాను. అంతకంటే చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఆ పిల్లకు చెప్పడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. వరండాలో ఆపి, "నేను అలా రాయకుండా ఉండాల్సిందమ్మా," అన్నాను. ఆమె కంగారుపడి, "పర్లేదండి," అని పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయింది. బెత్తం మాత్రం ఆ ఏడే బీరువా వెనక పడేశాను. ఒక్కసారిగా మారిపోయానని చెప్పను. చేయి ఎత్తి ఆపుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి, ఆపుకోలేనివీ కొన్ని ఉన్నాయి.

ఏడాది పూర్తయ్యాక మేడమ్ ఒప్పందం అయిపోయింది. మళ్ళీ పొడిగించలేదు, ఆమె స్థానంలో ఎవరినీ పంపలేదు. ఆఖరి రోజున టీ, బిస్కెట్లు తెప్పించాం. డ్రిల్లు మాస్టారు బాగుచేసిన నెట్టు కట్టించి పిల్లల చేత ఆట ఆడించాడు. వెళ్ళేటప్పుడు నేను ఆమెతో గేటు దాకా నడిచాను.

"ఆ నాలుగు వారాల్లో ఆ పిల్ల మాట్లాడుతుందని మీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"ఎలా తెలుస్తుందండీ?" అన్నారు. "మాట్లాడకపోతే ఏం చేయాలో కూడా తెలీదు. వల పూర్తయిపోతుందేమోనని సాయంత్రం కొన్ని ముడులు నేనే విప్పేసేదాన్ని."

ఆమె గొడుగు విప్పుకుని వన్‌టౌన్ వైపు నడిచి వెళ్ళిపోయారు. తర్వాత ఎక్కడ పనిచేశారో నాకు తెలియలేదు. ఆమె వెళ్ళాక స్టోర్‌రూములో ఆ రెండో కుర్చీని నేనే కొన్నాళ్ళు వాడి చూశాను. వారానికి ఒక పూట పిల్లల్ని వచ్చి కూర్చోమన్నాను. మొదట వచ్చిన ఏడో తరగతి పిల్లకు రెండు నిమిషాల్లో నాలుగు సలహాలిచ్చి పంపించేశాను. పిల్ల గుమ్మం దాటాక, అసలు తను ఎందుకొచ్చిందో చెప్పనే లేదని తట్టింది. వెనక్కి పిలిచి, నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆమె చేసినదానిలో పదో వంతు కూడా నాకు రాలేదు.

ఆ అమ్మాయి పదో తరగతి మంచి మార్కులతో పాసై పాలిటెక్నిక్‌లో చేరిందని విన్నాను. ఆరేడేళ్ళ తర్వాత, ఒంటిపూట బళ్ళ రోజుల్లో, మధ్యాహ్నం ఇంటికి వెళ్ళే బస్సులో వెనక నుంచి ఎవరో, "మాస్టారూ, ఇలగ వచ్చి కూకోండి," అన్నారు. తిరిగి చూస్తే ఆమే. నీలం చొక్కా, ఒళ్ళో పసుపు హెల్మెట్. ఆటోనగర్‌లో ఒక ఫ్యాక్టరీలో తయారైన ఇనుప భాగాలు కొలతకు సరిపోయాయో లేదో చూసే పని అట. మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్తోంది.

తల్లి ఇంకా గంప అమ్ముతూనే ఉందనీ, మూడో ఏట ఒకరోజు తనంతట తనే గాజులు తీసి, కర్మ చేయిద్దామందనీ చెప్పింది. మేడమ్ ఎక్కడున్నారో తనకీ తెలియదంది. నేను ఆ శుక్రవారం సంగతి ఎత్తాను. "నువ్వు మొదట అన్న మాట నేను విన్నానమ్మా. అలగ కాదండి, అన్నావు. ఆవిడ తల కూడా ఎత్తలేదు. అలాంటిది నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు."

ఆమె కొంచెం ఆలోచించి, "అలగన్నానేటండి? నాకు గుర్తు లేదు," అంది.

నేను ఏళ్ళ తరబడి దాచుకున్నది ఆ పిల్లకు గుర్తే లేదు.

"నాకు గుర్తున్నది ఏరేదండి," అంది తనే. "ఓపాలి తుపానొచ్చి బడికి సెలవిచ్చీసారు, మీకు గుర్తుందా? బస్సుల్లేవు, ఈదుల్లో మోకాల్లోతు నీళ్ళు. ఆయాల మంగళారం. నాను ఊరికే, ఏటీ తోసక, గోనెపట్టా కప్పుకుని బడి కాడికి ఎల్లేనండి. గేటుకి తాళం ఉంది. గేటు కాడ మేడమ్ నిలబడున్నారు. సీర మొత్తం తడిసిపోయింది. ఎందుకొచ్చేరండి అంటే, మంగళారం కదా, నువ్వు ఒత్తావేమోనని, అన్నారు. వల సగం కూడా అవ్వలేదు, అప్పటికింకా నాను మాటాడ్డం లేదని మీరందరూ అనుకుంతన్నారు. ఆవిడతో నాను మొదట మాటాడింది ఆయాలేనండి. ఎవులికీ సెప్పలేదు మేడమ్."

ఆటోనగర్ స్టాపు వచ్చింది. ఆమె హెల్మెట్ చేతికి తగిలించుకుని లేచింది. "అమ్మ సూత్తే సంతోసిత్తాదండి, ఓపాలి ఇంటికి రండి," అని చెప్పి దిగి, షిఫ్టుకు వెళ్ళే జనంలో కలిసిపోయింది.

బస్సు కదిలింది. ఆ తుపాను రోజున బడి లేదని తెలిసి నేను కూర్మన్నపాలెంలో మా ఇంట్లోనే ఉండిపోయాను. ఆ వేళంతా ఏం చేశానో గుర్తు చేసుకోవడానికి గాజువాక దాటేదాకా ప్రయత్నించాను. ఏమీ గుర్తు రాలేదు.